వెల్గటూర్‌లో ఏ చెట్టుకు డాలర్లొస్తాయి?

కరీంనగర్ నుంచి చొప్పదండి, ధర్మారం దాటి రాయపట్నం వైపు పోతుంటే దారిలో వెల్గటూర్ వస్తుంది. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డు మండలం ఇది. రోడ్డుకు ఒకపక్క వరి, ఇంకోపక్క మామిడి తోటలు, మధ్యలో అక్కడక్కడా బోడ గుట్టలు. ఈ మండలంలోని కోటిలింగాలలోనే శాతవాహనుల తొలి నాణేలు దొరికాయి. గ్రూప్స్‌కు ప్రిపేరయ్యేవాళ్లకు ఆ పేరు కంఠతా వచ్చి ఉంటుంది. నేను మాత్రం ఈసారి పోయింది నాణేల కోసం కాదు, చెట్ల కోసం.

మా మేనమామ ఊరు వెల్గటూర్‌కు దగ్గరే. ఆయనకు మూడెకరాల మామిడి తోట, దానికి కొంచెం దూరంలో రెండెకరాల చెలక ఉన్నాయి. చెలకలో బోరు ఎండిపోయినప్పటి నుంచి అది పడావు పడి ఉంది. ఈ మధ్య ఒక కంపెనీ ఏజెంటు ఊళ్లో తిరిగి రైతులకు ఒక మాట చెప్పిపోయాడట. మొక్కలు ఫ్రీగా ఇస్తాం, మీరు పెంచండి, చెట్లు పీల్చుకున్న కార్బన్‌కు డాలర్లలో పైసలొస్తాయి అని. చేతిలో పెట్టిన అగ్రిమెంటేమో మొత్తం ఇంగ్లిష్‌లో ఉంది. మామ దాన్ని పేజీపేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి, కింద వాయిస్ మెసేజ్ పెట్టాడు: "అల్లుడా, నువ్వు కంప్యూటర్ చదివినవ్ గదా. ఇదేందో జర సూడు. సంతకం పెట్టాల్నా, వద్దా?"

నేను రాసేది బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్. చెట్ల గురించి నాకు తెలిసింది తక్కువే. కానీ రూల్స్ చదివి, ఏ ఎంట్రీ పాసవుతుందో, ఏది రిజెక్టవుతుందో చూడటం నా రోజువారీ పనే. రెండు వారాంతాలు కూర్చుని కార్బన్ క్రెడిట్ల నిబంధనలు చదివాను. ఆ తర్వాత ఊరికి పోయి, మామను బండి వెనక కూర్చోబెట్టుకుని మండలమంతా తిరిగాను. కనిపించిన ప్రతి చెట్ల గుంపు దగ్గరా ఒకటే ప్రశ్న: దీనికి క్రెడిట్ వస్తుందా, రాదా?

ముందు లెక్క

ఒక కార్బన్ క్రెడిట్ అంటే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్. గాల్లోకి పోకుండా ఆపినా, గాల్లోంచి తీసి దాచినా ఒక టన్నుకు ఒక క్రెడిట్. పొగ వదిలే కంపెనీ ఎక్కడో ఈ క్రెడిట్ కొని, "నేను వదిలిన దాంట్లో ఇంత సరిచేశాను" అని చెప్పుకుంటుంది. దీన్నే ఆఫ్‌సెట్ అంటారు.

మరి చెట్టులో ఎంత ఉందో ఎలా తెలుస్తుంది? నరికి తూచరు. తోటలో కొన్ని శాంపిల్ ప్లాట్లు గీసి, ఛాతీ ఎత్తులో కాండం చుట్టుకొలత తీస్తారు. ఆ జాతి చెట్టుకు తయారుచేసిన ఫార్ములాలో వేస్తే ఎండు బరువు వస్తుంది. అందులో దాదాపు 47 శాతం కార్బన్. దాన్ని 44/12తో, అంటే 3.67తో గుణిస్తే కార్బన్ డయాక్సైడ్ లెక్క వస్తుంది. ఎండు బరువు 100 కిలోలున్న చెట్టులో 47 కిలోల కార్బన్ ఉంటుంది, అంటే 172 కిలోల కార్బన్ డయాక్సైడ్. అలాంటి చెట్లు ఆరు కలిస్తే ఒక టన్ను దాటుతుంది.

ఇక్కడిదాకా మామకు బాగానే నచ్చింది. "మరి మన తోటల ఎన్ని టన్నులున్నయో!" అన్నాడు. మా మొదటి స్టాప్ కూడా ఆ తోటే.

మామిడి తోట: రిజెక్ట్

జగిత్యాల మామిడి అంటే మామూలు పేరు కాదు. సీజన్‌లో చెల్‌గల్ మార్కెట్ నుంచి లారీలు ఢిల్లీ దాకా పోతాయి. మామ తోట వయసు ఇరవై ఏళ్లు దాటింది. ఒక్కో చెట్టు కింద మంచం వేసుకుని పడుకునేంత నీడ.

"ఇగో, దీనికి ఎన్నొస్తయ్‌రా?"

"రూపాయి రాదు మామా."

"ఎందుకు రాదు? ఇది గాలి పీలుస్తలేదా?"

పీలుస్తోంది. కానీ కార్బన్ క్రెడిట్ రూల్స్ అడిగే మొదటి ప్రశ్న చెట్టు గురించి కాదు. "ఈ కార్బన్ డబ్బు లేకపోతే ఈ చెట్టు ఉండేదా, ఉండేది కాదా?" అని అడుగుతాయి. మామ తోట పెట్టింది కాయ కోసం. కార్బన్ అనే మాట వినకముందే పెట్టాడు. రేపు కార్బన్ డబ్బు రాకపోయినా తోట అక్కడే ఉంటుంది. కాబట్టి ఇక్కడ కొత్తగా జరిగిందేమీ లేదు. దీన్నే అదనపుతనం అనుకుందాం, అడిషనాలిటీ అంటారు. ఈ ఒక్క పరీక్షలోనే చాలా చెట్లు ఫెయిలవుతాయి.

కొత్తగా మామిడి పెడితే? అదీ కష్టమే. చుట్టుపక్కల రైతులందరూ ఎలాగూ చేస్తున్న పని, లాభం కూడా వచ్చే పని అయితే, "కార్బన్ డబ్బుంటేనే సాధ్యమైంది" అని నిరూపించడం అంత సులువు కాదు.

గట్టు మీద మామ తాత పెట్టిన చింతచెట్టు ఉంది. దానికీ సున్నానే. మామ కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత అడిగాడు: "అంటే ఇన్నొద్దులు చెట్లు కాపాడినోనికి ఏం లేదు, బోడ భూమి ఉన్నోనికే పైసలా?"

సూటిగా చెప్పాలంటే అంతే. ఇక్కడ చెట్టుకు డబ్బు రాదు, తేడాకు వస్తుంది. ఆ డబ్బు రాకముందు ఎలా ఉండేది, వచ్చాక ఎలా మారింది అన్న తేడానే సరుకు.

పల్లె ప్రకృతి వనం: ఇదీ కష్టమే

తెలంగాణలో ఏ ఊరికి పోయినా ఇప్పుడు ఒక పల్లె ప్రకృతి వనం బోర్డు, ఒక నర్సరీ కనిపిస్తాయి. 2015 జులైలో చిలుకూరులో మొదలైన హరితహారం లక్ష్యం రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచడం. రోడ్ల పక్కన పెట్టిన వేప, కానుగ, రావి చెట్లు చాలాచోట్ల బాగానే పెరిగాయి. ఇంత పెద్ద ప్రోగ్రామ్‌కు క్రెడిట్లు రావా?

ఇక్కడ ఇంకో అడ్డు ఉంది. ప్రభుత్వం తన డబ్బుతో, ఉపాధి హామీ కూలీలతో ఎలాగూ పెట్టిన చెట్లు ఇవి. పైగా తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం-2018 ప్రకారం ఊళ్లో నాటిన మొక్కల్లో 85 శాతం బతికేలా చూసే బాధ్యత పంచాయతీది. చట్టం చేయమన్న పని చేసి, "కార్బన్ డబ్బు కోసం చేశాం" అంటే పరీక్షలో నిలబడటం కష్టం. మంచి పనే, ఊరికి నీడ, చల్లదనం అన్నీ ఉన్నాయి. క్రెడిట్ మాత్రం వేరే కథ.

కేంద్ర పర్యావరణ శాఖ 2023 అక్టోబర్‌లో తెచ్చిన గ్రీన్ క్రెడిట్‌తో దీన్ని కలపొద్దు. దాని రూల్స్ వేరు. ఏజెంట్లు రెండు పేర్లూ కలిపి మాట్లాడుతుంటే అక్కడే ఆపి, "ఏ క్రెడిట్ గురించి చెప్తున్నావు?" అని అడగాలి.

గుట్ట, గొర్ల మంద

రోడ్డు పక్కన ఒక గుట్ట కింద గొర్ల మంద మేస్తోంది. మామకు ఐడియా వచ్చింది. "గీ గుట్టల పొదలన్నీ కొట్టేసి, నీలగిరి పెడితే బోడ భూమి అయితది గదా?"

ఈ ఐడియా ప్రపంచంలో చాలామందికి ముందే వచ్చింది. అందుకే దానికి తాళం కూడా ముందే వేశారు. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో నడిచిన క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజం, అదే సీడీఎం, నాటికి పెట్టిన రూల్ ప్రకారం 1989 డిసెంబర్ 31 నాటికి ఆ భూమి అడవి అయి ఉండకూడదు. ఇప్పుడు స్వచ్ఛంద మార్కెట్‌లో ఎక్కువగా వాడే వెరా సంస్థ ప్రమాణాల్లో, ప్రాజెక్టు మొదలయ్యే ముందు పదేళ్లలో సహజమైన చెట్టూచేమా తీసేసి క్రెడిట్ల కోసం చదును చేసిన భూమి చెల్లదు. పాత శాటిలైట్ ఫొటోలు ఉన్నాయి కాబట్టి అబద్ధం చెప్పి తప్పించుకోలేం.

అడవి అంటే ఏంటి అన్నదానికీ లెక్క ఉంది. సీడీఎం కోసం మన దేశం ఎంచుకున్న కొలత ప్రకారం భూమి కనీసం 0.05 హెక్టార్లు ఉండాలి, చెట్ల కొమ్మల నీడ 15 శాతం కప్పాలి, చెట్టు రెండు మీటర్ల ఎత్తు పెరగగలగాలి. 0.05 హెక్టార్లు అంటే మన లెక్కలో దాదాపు ఐదు గుంటలు. మామ దొడ్డి కంటే చిన్నది.

ఇక గొర్లు. గుట్టకు కంచె వేసి చెట్లు పెడితే ఈ మంద ఎటు పోతుంది? పక్క గుట్టకు పోయి అక్కడి పచ్చదనం తింటుంది. ఇక్కడ పెరిగింది అక్కడ తగ్గుతుంది. దీన్ని లీకేజీ అంటారు. ఆ నష్టాన్ని లెక్కగట్టి క్రెడిట్లలోంచి కోసేస్తారు. పేపర్ మీద అది ఒక మైనస్ అంకె. ఊళ్లో మాత్రం అది ఒక గొల్ల కుటుంబం రోజూ నడిచే దారి. అందుకే ఉమ్మడి భూముల్లో ప్రాజెక్టు అంటే ముందు ఊరివాళ్లను అడిగి, ఒప్పించాలని ప్రమాణాలు చెప్తాయి.

చెలక: పాస్ అయ్యే ఛాన్స్

చివరికి ఆ రెండెకరాల చెలక దగ్గరికి వచ్చాం. ఏళ్ల తరబడి పంట లేదు. అడవి ఎప్పుడూ కాదు. నాలుగు సర్కారు తుమ్మ పొదలు తప్ప ఏమీ లేవు. నీళ్లు లేవు కాబట్టి మామిడి పెట్టే స్తోమత లేదు. పట్టాదారు పాస్‌బుక్ మామ పేరు మీదే ఉంది. అంటే ఏజెంటు సరైన భూమినే పట్టుకున్నాడు.

ఇక్కడ కూడా మొత్తం చెట్ల కార్బన్‌కు క్రెడిట్ రాదు. ఏమీ చేయకుండా వదిలేసినా ఆ తుమ్మ పొదలు కొంత పెరిగేవి కదా. దాన్ని బేస్‌లైన్‌గా తీసేసి, మిగిలిందే లెక్కేస్తారు.

పైగా రెండెకరాలకు ఒక్కడే ప్రాజెక్టు పెట్టలేడు. డాక్యుమెంట్ రాయించాలి, బయటి ఆడిటర్‌తో పరిశీలన చేయించాలి, రిజిస్ట్రీలో నమోదు చేయాలి, తర్వాత కొన్నేళ్లకోసారి మళ్లీ కొలిపించాలి. ఆ ఖర్చు మోయాలంటే వందలు, వేల మంది రైతులను కలపాలి. కంపెనీ అవసరం అక్కడే వస్తుంది. దాని వాటా కూడా అక్కడే మొదలవుతుంది.

రిజిస్ట్రీ సంగతి మనకు ఈజీగా అర్థమవుతుంది. యూపీఐ ట్రాన్సాక్షన్‌కు ఐడీ ఉన్నట్టే, ప్రతి క్రెడిట్‌కూ సీరియల్ నంబర్ ఉంటుంది. ఒకసారి కొన్నవాడు వాడేసుకుంటే దాన్ని రిటైర్ చేస్తారు, మళ్లీ అమ్మడానికి లేదు. వెరా, గోల్డ్ స్టాండర్డ్ లాంటి రిజిస్ట్రీలు ఎవరైనా ఫోన్‌లోనే తెరిచి చూడొచ్చు.

మన దగ్గర ఎవరికి వచ్చాయి?

పవర్‌గూడ పేరు విన్నారా? ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని చిన్న గోండు గూడెం. 2003 అక్టోబర్‌లో అక్కడి మహిళా సంఘం ప్రపంచ బ్యాంకుకు 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గింపును అమ్మింది. వాషింగ్టన్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ సదస్సుకు వచ్చినవాళ్ల ప్రయాణాల పొగకు బదులుగా బ్యాంకు ఆ క్రెడిట్లు కొని 645 డాలర్లు ఇచ్చింది. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వెనక ఉండి సాయం చేశారు.

ఇందులో ఒక మెలిక ఉంది. వాళ్లు అమ్మింది చెట్టులో దాచిన కార్బన్‌ను కాదు. కానుగ గింజల నుంచి తీసే నూనె పదేళ్లలో 51 టన్నులు అవుతుందని, అది డీజిల్ బదులు వాడితే ఇంత పొగ తగ్గుతుందని లెక్క కట్టారు. చెట్టు నిలబడే ఉంటుంది, గింజ ఏటా రాలుతుంది.

రెండోది ఖమ్మం. భద్రాచలం దగ్గర పేపర్ మిల్లు ఉన్న ఐటీసీ, రైతుల పాడుబడ్డ భూముల్లో 3,070 హెక్టార్లలో నీలగిరి పెట్టించింది. 2009 జూన్‌లో ఆ ప్రాజెక్టు సీడీఎంలో నమోదైంది. ఏడాదికి దాదాపు 57,800 టన్నుల కార్బన్ డయాక్సైడ్ దాచుకుంటుందని అంచనా వేశారు. భాగిస్తే ఎకరానికి ఏడాదికి 7.6 టన్నులు. అక్కడ చెట్టు నరికి మిల్లుకు కట్టె అమ్ముకోవచ్చు. మోడు నుంచి మళ్లీ చిగురేస్తుంది.

ఇప్పుడు మామ అసలు ప్రశ్న: ఎంతొస్తుంది? పవర్‌గూడ ధర టన్నుకు 4.4 డాలర్ల దాకా పడింది. ఖమ్మం అంచనాను ఆ ధరతో గుణిస్తే ఎకరానికి ఏడాదికి 33 డాలర్లు. రూపాయల్లో దాదాపు మూడు వేలు. రెండెకరాలకు దాదాపు ఆరు వేలు. అందులోంచి ఆడిట్ ఖర్చు, కంపెనీ వాటా పోవాలి. ఇవాళ ప్రాజెక్టును బట్టి ధర ఎక్కువ ఉండొచ్చు, తక్కువ ఉండొచ్చు. చెట్టు కూడా నీలగిరంత వేగంగా పెరగకపోవచ్చు. అయినా ఈ సైజు తెలిస్తే "లక్షలొస్తాయి" అనే మాట విన్నప్పుడు నవ్వొస్తుంది. పైగా నాటగానే డబ్బు రాదు. పెరిగాక, కొలిచాక, ఆడిటర్ సరే అన్నాక, ఎవరైనా కొన్నాక వస్తుంది.

కోటిలింగాల దగ్గర చివరి రూలు

సాయంత్రానికి కోటిలింగాల చేరాం. గుడి ముందు గోదావరి ఇప్పుడు నదిలా లేదు, చెరువులా పరుచుకుని ఉంది. అవి శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనక నీళ్లు. దాదాపు 20 టీఎంసీల రిజర్వాయర్ అది. దానికోసం ఈ మండలంలో కూడా ఊళ్లు ముంపులో పోయాయి, ఇండ్లు, పొలాలు వదిలి జనం వేరేచోట ఇండ్లు కట్టుకున్నారు. రెండు వేల ఏళ్ల కింద టంకశాల నడిచిన చోటుకే నీటి భయం తప్పలేదు.

ఇక్కడ నిలబడితే చివరి రూలు బాగా అర్థమైంది. దాచిన కార్బన్ దాచినట్టే ఉండాలి. చెట్టు కాలిపోతే, నరికేస్తే, మునిగిపోతే అది మళ్లీ గాల్లోకి పోతుంది. కొన్నవాడు వదిలిన పొగ మాత్రం ఎప్పటికీ అక్కడే ఉంటుంది. అందుకే సీడీఎంలో అడవి క్రెడిట్లకు గడువు పెట్టారు. అవి తాత్కాలిక క్రెడిట్లు, గడువు తీరితే కొన్నవాడు మళ్లీ వేరేవి కొనాలి. ప్రాజెక్టు కాలం 30 ఏళ్లు, లేదా 20 ఏళ్ల చొప్పున మూడుసార్లు. వెరా పద్ధతి వేరు. ప్రతి ప్రాజెక్టూ తన రిస్కును బట్టి కొన్ని క్రెడిట్లు అమ్మకుండా ఉమ్మడి ఖాతాలో పెట్టాలి. ఎక్కడైనా చెట్లు పోతే అందులోంచి సర్దుతారు. చిట్టీల్లో పక్కన పెట్టే సొమ్ములాంటిది.

మామ వయసు 58. అగ్రిమెంటులో ఉన్నది 40 ఏళ్లు. అంటే ఆ మాట నిలబెట్టాల్సింది ఆయన కాదు, నా మేనబావ, వాడి పిల్లలు. వాడు ఇప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు. రేపు తిరిగొచ్చి ఆ చెలకలో ఇల్లు కట్టుకుంటా అంటే? పెళ్లికి భూమి అమ్మాల్సి వస్తే? ఇంకో ప్రాజెక్టు కాలువ అటునుంచి పోతే? అగ్రిమెంటు చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉన్నది వీటి గురించే. మధ్యలో తప్పుకుంటే మొక్కల ఖర్చు, అప్పటిదాకా ఇచ్చిన డబ్బు వాపసు ఇవ్వాలని ఉంది.

మార్కెట్ మీద అనుమానాలూ తక్కువేమీ లేవు. 2023 జనవరిలో గార్డియన్, మరో రెండు మీడియా సంస్థలు కలిసి, వెరా ఆమోదించిన వర్షారణ్య క్రెడిట్లలో 90 శాతానికి పైగా నిజమైన తగ్గింపు కాదని రాశాయి. వెరా దాన్ని ఒప్పుకోలేదు. అవి అడవులు నరక్కుండా ఆపే ప్రాజెక్టులు, మామ చెలకలాంటివి కావు. కానీ ఆ దెబ్బ తర్వాత కొనేవాళ్లు అన్ని చెట్ల క్రెడిట్లనూ అనుమానంగా చూడటం మొదలుపెట్టారు. మన దేశం కూడా 2023 జూన్‌లో సొంత కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ స్కీమ్ తెచ్చింది. 2025 మార్చిలో ఆమోదించిన తొలి ఎనిమిది పద్ధతుల్లో అడవులకు సంబంధించింది ఒకటే, మడ అడవుల పెంపకం. దానికి సముద్రం కావాలి. వెల్గటూర్‌కు సముద్రం ఎక్కడిది?

సంతకానికి ముందు

వద్దని నేను మామకు చెప్పలేదు. పడావు భూమిలో చెట్లు రావడం మంచిదే, నాలుగు పైసలొస్తే ఇంకా మంచిది. కాకపోతే ఆయన అమ్ముతున్నది గాలి కాదని, తన భూమి మీద 40 ఏళ్ల మాట అని చెప్పాను. ఏజెంటును అడగాల్సినవి ఒక కాగితం మీద తెలుగులో రాసిచ్చాను. మీ ఊళ్లోనూ ఎవరైనా ఇలాంటి ఫొటోలు పంపితే ఇవే వాడుకోండి.

ఒకటి: ప్రాజెక్టు ఏ రిజిస్ట్రీలో ఉంది, నంబరెంత?
రెండు: మొదటి డబ్బు ఏ ఏడాది వస్తుంది, అమ్మిన ధరలో రైతు వాటా ఎంత?
మూడు: కట్టె, కాయ ఎవరివి? నరకొచ్చా?
నాలుగు: చెట్లు ఎండినా, కాలినా నష్టం ఎవరిది?
ఐదు: భూమి అమ్మాలన్నా, పంచుకోవాలన్నా ఏం చేయాలి?
ఆరు: కౌలుకు ఇచ్చిన భూమి అయితే కౌలు రైతుకు ఏమొస్తుంది?

మామ ఆ కాగితం రెండుసార్లు చదివి, అక్కడే ఏజెంటుకు ఫోన్ కలిపాడు. స్పీకర్ ఆన్ చేసి మెల్లగా చెప్పాడు: "అగ్రిమెంటు తెలుగుల రాసుకొని రా తమ్మీ. నా కొడుకు దసరాకు దుబాయ్ నుంచి అస్తడు. అప్పుడు ముగ్గురం కూసుండి మాట్లాడుదాం."